ఆపరేషన్ అయిన మనిషిని మంచం దించడం ఎలా, పడితే ఏం చేయాలి

రెండేళ్ల కిందట మా నాయనకు తిరుపతిలో హెర్నియా ఆపరేషన్ అయింది. ఏ ఆసుపత్రి అన్నది ఇక్కడ అనవసరం. ఆపరేషన్ చక్కగా జరిగింది. మర్నాడు తెల్లవారుజామున నాలుగున్నరకు, మంచం పక్కన చాప మీద నిద్రపోతున్న నన్ను దాటుకుని, సెలైన్ స్టాండు పట్టుకుని ఆయన ఒక్కరే బాత్రూముకు వెళ్లారు. తిరిగి వస్తూ గడప దగ్గర కళ్లు తిరిగి పడ్డారు. కొబ్బరికాయ జారిపడిన చప్పుడు లాంటిది విని నేను లేచాను. తల వెనక మూడు కుట్లు పడ్డాయి.

ఎందుకు లేపలేదని తరువాత అడిగితే ఆయన చెప్పింది ఒక్కటే. "ఆడబిడ్డను లేపి బాత్రూముకు తీసుకుపొమ్మని ఎలా అడిగేదమ్మా?"

రోగికి తోడుగా వెళ్లేవాళ్లకు మందుల వేళలు చెబుతారు, తిండి సంగతి చెబుతారు. ఈ సిగ్గు సంగతి ఎవరూ చెప్పరు. స్విమ్స్, రుయా, బర్డ్ ఆసుపత్రులన్నీ అలిపిరి దారి పక్కనే ఉన్న ఊరు ఇది. పలమనేరు నుంచి, శ్రీకాళహస్తి నుంచి, నెల్లూరు, కడప జిల్లాల నుంచి రోగితోపాటు ఒక చాప, ఒక ఫ్లాస్కు పట్టుకుని వచ్చేవాళ్లకు లెక్కలేదు. అలా వచ్చే మీకోసమే ఇది రాస్తున్నాను. మీ డాక్టరూ సిస్టరూ చెప్పినదానికి, ఇక్కడ రాసినదానికి తేడా కనిపిస్తే వాళ్ల మాటే వినండి. వాళ్లు మీ మనిషిని చూశారు, నేను చూడలేదు.

రాత్రి సంగతి పగలే తేల్చుకోండి

మామగారు కోడలిని బాత్రూముకు తోడు రమ్మని పిలవరు, చీకట్లో తామే లేస్తారు. అందుకని ఆపరేషన్ అయిన రోజు సాయంత్రమే, పక్క మంచాల వాళ్లకు వినపడకుండా, సూటిగా మాట్లాడండి. "రాత్రి లేవాల్సి వస్తే ఎలా?" అని అడగండి. వీలైతే పగలు కూతురు, రాత్రి కొడుకో అల్లుడో ఉండేలా మార్చుకోండి. వీలు కాకపోతే రాత్రి డ్యూటీలో ఉండే వార్డ్ బాయ్‌ని ముందే పరిచయం చేసుకోండి. మంచం మీదే మూత్రం పోసుకోవడానికి మూతి వంపు తిరిగిన ప్లాస్టిక్ డబ్బా మందుల షాపులో దొరుకుతుంది. దాన్ని కొని, కనిపించకుండా ఒక తువ్వాలు కప్పి, రోగి చేతికి అందేచోట పెట్టండి. కప్పి పెడితే వాడతారు, ఎదురుగా పెడితే వాడరు. ఇది నేను చూసి నేర్చుకున్నదే.

లేపడానికి ఒక ఉపాయం ఉంది. పొడవాటి తువ్వాలు ఒక కొస రోగి దిండు కింద, రెండో కొస కింద పడుకున్న మీ ముంజేతికి. లాగితే లేస్తారు. పిలవనక్కరలేదు, సిగ్గుపడనక్కరలేదు. రోగి చేతికి మాత్రం ముడి వేయకండి.

అలాగే పడుకునే ముందు దారి చూసుకోండి. మంచానికీ బాత్రూముకూ మధ్య మీ చాప, సంచులు, చెప్పులు ఉండకూడదు. పంచె అయినా చీర అయినా అంచు కాలి కిందికి రాకుండా పైకి దోపుకోవాలి, పంచెకు బదులు లుంగీ పొట్టిగా కట్టినా మేలే. అరిగిపోయిన హవాయి చెప్పులు తడి గచ్చు మీద సబ్బుబిళ్లలాగా జారుతాయి. అందరూ మరిచేది సెలైన్ స్టాండు. దానికి చక్రాలుంటాయి, అది ఊతకర్ర కాదు. బరువు వేస్తే ముందుకు ఉరుకుతుంది, వెనకే మనిషీ పోతాడు. స్టాండు మీరు తోయండి, రోగి చేయి మీ భుజం మీద ఉండాలి.

కళ్లు ఎందుకు తిరుగుతాయి

మనిషి లేచి నిలబడగానే అర లీటరు నుంచి లీటరు దాకా రక్తం కాళ్లలోకి, పొట్టలోకి దిగుతుంది. మామూలప్పుడు రక్తనాళాలు వెంటనే బిగుసుకుని బీపీని నిలబెడతాయి. ఆపరేషన్ తరువాత ఆ పని మందగిస్తుంది. ముందురోజు రాత్రి నుంచి కడుపు ఖాళీ. కొంత రక్తం పోయి ఉంటుంది. మత్తు పూర్తిగా దిగి ఉండదు. ట్రమడాల్ లాంటి నొప్పి మందులు, అలవాటుగా వేసుకునే బీపీ బిళ్లలు, ప్రొస్టేటు కోసం ఇచ్చే టామ్సులోసిన్ కూడా బీపీని దించుతాయి. పడుకున్నప్పటి బీపీతో పోలిస్తే, నిలబడిన 3 నిమిషాల్లోపు పై అంకె 20 గాని, కింది అంకె 10 గాని, అంతకుమించి గాని పడిపోతే దాన్ని డాక్టర్లు లెక్కలోకి తీసుకుంటారు. కాబట్టి మొదటిసారి దించే ముందు రోగిని పడుకోబెట్టి ఒకసారి, నిలబెట్టి ఒకసారి బీపీ చూడమని సిస్టర్‌ని అడగడం చాదస్తం కాదు.

షుగర్ ఉన్నవాళ్లలో ఇంకో కారణం, తిండి లేకుండా ఇన్సులిన్ పడడం. 70 కన్నా తగ్గిన షుగర్ ప్రమాదమే.

మంచం దించే తీరు

మొదటిసారి సిస్టర్ దగ్గరుండగానే దించాలి. డాక్టర్ "నడిపించండి" అన్నారంటే వెంటనే చేయిపట్టి లాగమని అర్థం కాదు. వెన్నులో సూది వేసి మత్తు ఇచ్చి ఉంటే, పడుకునే ఒక్కో కాలినీ మోకాలు వంచకుండా పైకెత్తమనండి. ఎత్తలేకపోతే ఆ కాళ్లు ఇంకా ఆ మనిషివి కావు. అప్పుడు దించే ప్రయత్నమే చేయకండి.

ఎత్తగలిగితే, ముందు తల వైపు మంచం నిలువుగా లేపి ఐదు నిమిషాలు అలా ఉంచండి. తరువాత ఒక పక్కకు ఒత్తిగిల్లి, మోచేయి ఊతతో లేచి, కాళ్లు కిందికి వేలాడేసి కూర్చోవాలి. పొట్ట ఆపరేషన్ అయితే చిన్న దిండు పొట్టకు అదుముకుంటే కుట్ల మీద లాగుడు తగ్గుతుంది. ఇలా మూడు నాలుగు నిమిషాలు కూర్చోబెట్టి, పాదాలను పైకీ కిందికీ ఇరవై సార్లు ఆడించమనండి. పిక్కల కండరాలు కదిలితే కాళ్లలోకి దిగిన రక్తం పైకి తోసుకొస్తుంది. ఈలోగా మాట్లాడిస్తూ ఉండండి. జవాబులు పొట్టివైపోతే, మాటిమాటికీ ఆవులిస్తుంటే, పెదవుల రంగు తగ్గితే మళ్లీ పడుకోబెట్టేయండి. ఆవులింతను నిద్ర అనుకుంటాం. ఆపరేషన్ అయిన మనిషి మంచం అంచున కూర్చుని వరసగా ఆవులిస్తున్నాడంటే అది నిద్ర కాకపోవచ్చు, బీపీ దిగుతున్న గుర్తు కావచ్చు.

బాగానే ఉంటే నిలబెట్టి, ఉన్నచోటే ఒక నిమిషం కాళ్లు మార్చి మార్చి ఎత్తనివ్వండి. ఆ తరువాతే అడుగు. మీరు ముందు నడవకండి. పక్కన, అరడుగు వెనకగా, ఒక చేయి నడుము దగ్గర ఉంచి నడవండి.

బాత్రూములో గడియ పెట్టనివ్వకండి. మగవాళ్లు కూడా కూర్చునే మూత్రం పోయాలి. నిలబడి పోసేటప్పుడు, మలబద్ధకంతో ముక్కేటప్పుడు బీపీ హఠాత్తుగా పడుతుంది. నొప్పి మందులు మలబద్ధకం తెస్తాయి కనుక రెండో రోజే విరేచనం సంగతి డాక్టర్ చెవిన వేయండి. మా నాయన కూడా పడింది వెళ్లేటప్పుడు కాదు, వచ్చేటప్పుడు.

సిజేరియన్ అయిన తల్లి విషయంలో ఒక్క మాట. బిడ్డను ఎత్తుకుని మంచం దిగడానికి వీల్లేదు, ఎంత ఏడ్చినా సరే. బిడ్డ మీ చేతిలో, తల్లి సిస్టర్ చేతిలో.

"కళ్లు తిరుగుతున్నాయి" అన్న క్షణంలో

చూపు మసకబారడం, చెవుల్లో హోరు, నుదుటన చల్లని చెమట, వికారం: వీటి తరువాత మీకు దొరికేవి కొన్ని క్షణాలే. "ఇంకో నాలుగు అడుగులే, మంచం వచ్చేసింది" అనకండి. ఆ నాలుగు అడుగుల్లోనే పడతారు. ఉన్నచోటే, అది వరండా అయినా బాత్రూము గడప అయినా, నేల మీద కూర్చోబెట్టి పడుకోబెట్టండి. ఒళ్లు అప్పటికే వాలిపోతుంటే నిలబెట్టాలని చూడకండి. వెనక నుంచి చంకల కింద చేతులు వేసి, మీ తొడ మీదుగా జారనిస్తూ, తల నేలకు తగలకుండా దించండి. తరువాత కాళ్లు ఒక అడుగు ఎత్తులో పెట్టండి. బట్టలు మురికి అవుతాయంటారా? ఉతుక్కోవచ్చు.

తలకు దెబ్బ తగలకుండా పడిన మనిషి ఇలా పడుకోబెడితే సాధారణంగా ఒకటి రెండు నిమిషాల్లో తేరుకుంటాడు. ఆ కాసేపట్లో చేతులు కాళ్లు రెండు మూడుసార్లు ఎగరవచ్చు. అంతమాత్రాన ఫిట్స్ అని తేల్చేయకండి. చేతిలో తాళాలగుత్తి పెట్టడం, పళ్ల మధ్య చెంచా దూర్చడం, ఉల్లిపాయ వాసన చూపడం వల్ల ఏ ఉపయోగమూ లేదు. చెంచా వల్ల పళ్లు విరుగుతాయి. పూర్తిగా తెలివి వచ్చేదాకా నోట్లో నీళ్లు పోయకండి.

తల నేలకు తగిలితే

మేము చేసిన తప్పు ఇక్కడే. చప్పుడు విని నలుగురు పోగయ్యారు. అందరూ మంచివాళ్లే. తలా ఒక చేయి వేసి ఎత్తి, మా నాయనను ప్లాస్టిక్ కుర్చీలో నిటారుగా కూర్చోబెట్టారు. ఒకాయన విసనకర్ర తెచ్చాడు, ఇంకొకామె ముఖాన నీళ్లు చల్లింది. నిమిషం కాకుండానే మళ్లీ తల వాలిపోయింది. రెండోసారి స్పృహ తప్పడానికి కారణం తలదెబ్బ కాదు, ఆ కుర్చీ. బీపీ పడి మెదడుకు రక్తం అందని మనిషిని పడుకోబెడితే గుండెకు సులువు, కూర్చోబెడితే పొమ్మన్నట్టే. పైగా మెడ ఎముకకు దెబ్బ తగిలి ఉంటే ఆ ఎత్తడంలోనే అంతకన్నా పెద్ద హాని జరిగేది.

కనుక ఎత్తకండి, ఎత్తనివ్వకండి. ఒకరిని సిస్టర్ దగ్గరికి పరుగెత్తించండి. మీరు తల దగ్గర మోకాళ్ల మీద కూర్చుని, రెండు అరచేతులతో తలను ఉన్నది ఉన్నట్టు కదలకుండా పట్టుకోండి. పేరుపెట్టి పిలవండి. ఊపిరి ఆడుతోందా చూడండి. పలకకుండా, ఊపిరి లేకుండా ఉంటే గట్టిగా అరిచి సిబ్బందిని పిలుస్తూనే ఛాతీ నడుమ రెండు చేతులతో నిమిషానికి 100 నుంచి 120 సార్లు నొక్కడం మొదలుపెట్టాలి. వాంతి వస్తే తల, మెడ, ఒళ్లు ఒకే దుంగలా కలిపి పక్కకు తిప్పాలి. దీనికి ఇద్దరు ముగ్గురు కావాలి.

రక్తం కారుతుంటే శుభ్రమైన గుడ్డ మడిచి అదిమిపట్టండి. తలచర్మం నుంచి రక్తం భయపెట్టేంత కారుతుంది, అదిమితే ఆగుతుంది. ఎముక లోపలికి సొట్టపడినట్టు అనిపిస్తే మాత్రం అక్కడ నొక్కకండి, చుట్టూ మెత్తగా కట్టండి. పసుపు వద్దు, కాఫీపొడి వద్దు. వాటిని కడిగి తీసేసరికి కుట్లు వేసేవాళ్ల ప్రాణం విసిగిపోతుంది, గాయం చీము పట్టవచ్చు కూడా. ఆపరేషన్ కుట్లు, గొట్టాలు, మూత్రం సంచి ఏవైనా ఊడాయేమో, కట్టు తడిసిందేమో కూడా చూడండి. ఒక కాలు పొట్టిగా కనిపించి పాదం బయటికి తిరిగి ఉంటే తుంటి విరిగి ఉండవచ్చు.

పుత్తూరు కట్టు మా వైపు ప్రతి ఇంటికీ తెలిసినదే. చేయి విరిగితే ముందు అక్కడికే పోదామనేవాళ్లు మా ఇంట్లోనూ ఉన్నారు. అయితే పుర్రె లోపల రక్తం చేరిందా లేదా అన్నది చేతితో తడిమి చెప్పే విద్య ఎక్కడా లేదు. ఎక్స్‌రేలో కూడా ఎముక కనిపిస్తుంది గాని మెదడులోని రక్తం కనిపించదు. దానికి సీటీ స్కానే.

డాక్టర్ వచ్చాక మీరు చెప్పాల్సినవి

డాక్టర్ మొదట అడిగేది ఇది: కళ్లు తిరిగి పడితే తలకు తగిలిందా, కాలుజారి పడి తలకు తగిలితే స్పృహ పోయిందా? మొదటిదైతే గుండె, రక్తం, షుగర్, మందుల్లో కారణం వెతకాలి. రెండోదైతే తలలో. మీరు చూడకపోతే చూడలేదని చెప్పండి, చూసినవాళ్లను పిలిపించండి. పడిన సమయం, ఎంతసేపు పలకలేదు, ఏ భాగం దేనికి తగిలింది, వాంతి ఎన్నిసార్లు అయింది, లేచాక మొదట ఏమన్నారు అన్నవి ఫోనులో రాసుకోండి. అరగంట గడిచాక ఇంట్లో ఒక్కొక్కరూ ఒక్కో కథ చెబుతారు.

అన్నిటికన్నా ముందు చెప్పాల్సింది రక్తం పలచబడే మందుల గురించి. ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్, వార్ఫరిన్ ఇంటి నుంచే వాడుతున్నారా? ఆపరేషన్ తరువాత కాళ్లలో గడ్డ కట్టకుండా పొట్ట మీద హెపారిన్ రకం సూదులు పడుతున్నాయా? ఉంటే చిన్న దెబ్బ కూడా చిన్నది కాదు. ఊపిరి ఆడక, ఛాతీ నొప్పితో పడి ఉంటే అదీ చెప్పండి. కాలిలోని గడ్డ ఊపిరితిత్తుల్లోకి చేరినా ఇలాగే పడతారు. నాడి వేగంగా కొట్టుకుంటూ, ఒళ్లు పాలిపోయి, పొట్ట ఉబ్బుతుంటే లోపల రక్తం కారుతోందేమో చూడాలి.

సీటీ తీయాలా వద్దా అన్నది డాక్టర్ నిర్ణయం. అయితే ఒకటికి మించి వాంతులు, ఫిట్స్, ఒక చేయో కాలో బలహీనపడడం, ముక్కు నుంచో చెవి నుంచో నీళ్లలాంటి ద్రవం కారడం, కళ్ల చుట్టూ నల్లగా కమలడం, రెండు గంటలు దాటినా మాట తేరుకోకపోవడం కనిపిస్తే మొహమాటపడకుండా అడగండి. ఆ ఆసుపత్రిలో స్కాన్, న్యూరోసర్జన్ లేకపోతే ఉన్నచోటికి పంపమనండి.

ఆ తరువాతి ఒక రోజు

సిబ్బంది వచ్చి కళ్లలో టార్చి వేసి, పేరు అడిగి, చేతులెత్తమని, స్పృహ ఎంత ఉందో 15కు మార్కులు వేస్తారు. అది 1974లో గ్లాస్గోలో పుట్టిన కొలత. కంటికి 4, మాటకు 5, కదలికకు 6. మొదటి రెండు గంటలు అరగంటకోసారి, తరువాతి నాలుగు గంటలు గంటకోసారి, ఆపైన రెండు గంటలకోసారి చూడడం చాలాచోట్ల పద్ధతి. నిద్రపోతే ప్రాణం పోతుందని రాత్రంతా గిల్లి గిల్లి కూర్చోబెట్టనక్కరలేదు. నిద్రపోనివ్వండి, చూసే వేళకు లేపండి. లేవకపోతే, లేచినా మునుపటికన్నా తడబడితే వెంటనే చెప్పండి. మొదట బాగా మాట్లాడి, కొన్ని గంటలకు మగతలోకి జారడం ఈ దెబ్బల్లో అసలైన అపాయం.

"నేనెవరో చెప్పు నాయనా" లాంటి ప్రశ్నలకు సగం స్పృహలో కూడా జవాబు వస్తుంది. వాళ్ల రోజువారీ బతుకులోంచి అడగండి. నేను ఇంట్లో ఆవుల లెక్క అడిగాను. "రెండు పాలిస్తున్నాయి, ఒకటి చూడిది" అన్నారు. సరైన జవాబే. కానీ ఐదు నిమిషాలకోసారి పంచె తడుముకుని "ఇది ఎందుకు తడిసింది?" అని అడగసాగారు. నీళ్లు చల్లారని చెబితే తలూపి మళ్లీ అదే ప్రశ్న. పోనీలే అనుకుని ఊరుకోబోయాను. పక్క మంచం ఆమె వెళ్లి సిస్టర్‌కు చెప్పింది. అలా అడిగిందే అడగడం మెదడు అదిరిన గుర్తట. స్కాన్ తీశారు, రక్తం లేదు. సాయంత్రానికి ప్రశ్న ఆగిపోయింది.

నొప్పికి మీ సంచిలోని బిళ్ల ఇవ్వకండి. నిద్రమాత్ర అసలే వద్దు.

ఇంటికి బయలుదేరేటప్పుడు

డిశ్చార్జ్ కాగానే "ఇంతదూరం వచ్చాం, కొండకు వెళ్లి మొక్కు తీర్చుకుని పోదాం" అనే మాట తిరుపతిలో తప్పకుండా వస్తుంది. క్యూలో గంటల తరబడి నిలబడడం, సగం కడుపు, ఉక్క: ఆపరేషన్ అయిన మనిషి పడడానికి ఇంతకన్నా ఏం కావాలి? 3550 మెట్ల సంగతి చెప్పనే అక్కరలేదు. తల మీద కుట్లుంటే గుండు కూడా గాయం పూర్తిగా మానాకే. స్వామి ఎక్కడికీ పోడు.

ఇంటికి వెళ్లాక మొదటి రోజు రాత్రి ఒంటరిగా వదలకండి. తలనొప్పి పెరుగుతూ పోవడం, వాంతులు, మగత, ఫిట్స్ కనిపిస్తే 108కి ఫోన్ చేయండి. ముసలివాళ్ల విషయంలో రెండు మూడు వారాల తరువాత కూడా ఒక కన్ను వేసి ఉంచాలి. మెదడు మీద రక్తం నెమ్మదిగా ఊరి, నడక ఒక పక్కకు లాగడం, మాట మందగించడం, మతిమరుపు అప్పుడు బయటపడతాయి. వయసు వల్ల అనుకుని వదిలేస్తారు.

ఆసుపత్రి వదిలే ముందు డిశ్చార్జ్ కాగితం ఒకసారి చదవండి, లేదా చదవగలిగినవాళ్లతో చదివించుకోండి. మా కాగితంలో హెర్నియా సంగతే ఉంది, పడిన సంగతి ఎక్కడా లేదు. అడిగితే కింద చేతితో ఒక వరుస రాసి, సీటీ తీసిన తేదీ వేసి సంతకం పెట్టి ఇచ్చారు. పలమనేరులో కుట్లు విప్పిన డాక్టర్ మొదట వేలు పెట్టి చదివింది ఆ వరుసే.